వడ్లలో దిగబడిన స్పోర్ట్స్ కారు

మాది తెనాలి. ఇంట్లో కారుండగానే, యాభై దాటిన మా వారికి సరదాకి ఒక పాత స్పోర్ట్స్ కారు కావాల్సొచ్చింది. నేను సరేనంటేనే కొంటానన్నారు. వద్దని చెప్పడానికే, కారు అమ్మకానికున్న బాపట్ల వెళ్లి అందులో కూర్చున్నాను. సీటు పీటకన్నా కిందకుంది. నడిపి చూద్దామని రేపల్లె రోడ్డు పట్టారు.

కోతల కాలం కావడంతో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. లారీ ఎదురొస్తే మా వారు పక్కకు తిప్పారు. మామూలు కారైతే వాటి మీదుగా పోయేది. ఇది ముక్కుతో వడ్లు తోసుకుపోయి, కుప్ప మీద పొట్ట ఆనించి ఆగింది.

వడ్లు తిరగేస్తున్న పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది. "ఏంటి బాబూ, ఇది కారా, చేటా?"

"కొంచెం కిందకుందండి," అని నసిగారు మా వారు.

"అయితే నువ్వూ కిందకి దిగి వడ్లెత్తు!"

నాకు లేవడమే చేతకాలేదు. ఇద్దరు కూలీ ఆడవాళ్లు "కాళ్లు ముందు బయట పెట్టక్కా" అని నవ్వుతూ లాగారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మా వారు అరగంట సేపు కారు కింద వడ్లు తోడి, లేచి, "ఇంజను మాత్రం బాగుంది, ఏమంటావ్?" అన్నారు!

ప్రతిదానికీ వాదించే నాకు, ఈ మనిషితో వాదన దండగని మొదటిసారి అనిపించింది. "వద్దు" అని ఒక్క మాట చెప్పి, వస్తున్న బస్సు ఆపి, నిటారుగా ఎక్కాను.