ఒక్క డేక్సా

ఏ హోటలు వెనకైనా అంట్లు తోమే తడి బూడిద వాసన తగిలితే చాలు, నా చిన్నప్పుడు ఆలూరు చర్చిలో జరిగిన కోతకాల పండుగ గుర్తొస్తుంది. ఆరోజు భోజనాలయ్యాక, పాస్టరుగా ఉన్న మా నాయన తెల్లంగీ చేతులు మడిచి, అడుగంటిన డేక్సా ముందేసుకుని తోమడానికి కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"నాయనను పాస్టరు పనిలోంచి తీసేసినారామ్మా?"

"లేదు పాపా. యేసయ్య శిష్యుల కాళ్లు కడగలేదా? అట్లనే సేవ చేస్తాండాడు," అంది అమ్మ.

"ఎంత తగ్గింపు మనసప్పా మన పాస్టరుది!" అంటూ సంఘపెద్దలు కళ్లు తుడుచుకున్నారు.

ఒక్క డేక్సా తోమి నాయన ప్రార్థనకు లేచాడు. మిగిలినవన్నీ అమ్మ ముందుకు లాక్కుంది. ఏటా ఆమే తోమేది. ఆమెను చూసి ఎవరూ కళ్లు తుడుచుకోలేదు.

నాయన మంచివాడే, నటించలేదు. కానీ యేసయ్య కాళ్లు కడిగిన సంగతి చర్చిలో చదివినప్పుడల్లా, ఆ నీళ్లు తోడి తెచ్చిందెవరా అన్న ఆలోచన నన్ను వదలదు.