అమ్మ కొంగులో సగం రొట్టె

సౌదీలో మా దమ్మామ్ లేబర్ క్యాంపులో ఇవాళ వేడి ఖుబ్జ్ విరిచాను. ఆ రొట్టె వాసనకి మన ఊరి చర్చి గుర్తొచ్చింది.

ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆదివారం గుర్తుందా మీకు? తెల్లగుడ్డ, ఇత్తడి పళ్ళెం, ద్రాక్షరసం మరకల చిన్న గ్లాసులు. ఇల్లు విడిచి వెళ్ళి తిరిగొచ్చిందని మరియమ్మత్తకు పెద్దలు బల్ల ఆపేశారు. అమ్మ తన ముక్కలో సగమే తిని, మిగతాది కొంగున ముడేసుకుని ఆమెకు తీసుకెళ్ళేది. సంఘపెద్ద నిలదీస్తే, "తప్పు చేసినోళ్ళ కోసమే కదండీ ప్రభువు రొట్టె విరిచింది" అంది. మరియమ్మత్త ఆ ముక్క ఏడుస్తూ తినేది.

మా గదిలో జగిత్యాల లక్ష్మణ్ ఉన్నాడు. మాలో ఒకడు దొంగచాటుగా బయట పనికి వెళ్తున్నాడని సూపర్‌వైజర్‌కు అతనే చెప్పేశాడు. పనికి వెళ్ళినవాణ్ణి తిరిగి దేశం పంపేశారు. అప్పటి నుంచి భోజనానికి నేల మీద సుఫ్రా గుడ్డ పరిస్తే లక్ష్మణ్‌ను ఎవరూ కూర్చోనివ్వరు.

నా ఖుబ్జ్‌లో సగం అతని మంచం దగ్గరికి తీసుకెళ్ళాను.

"వద్దన్నా. నువ్విచ్చినవని తెలిస్తే రేపు నిన్ను సుత కూసోనియ్యరు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఎంత చెప్పినా తీసుకోలేదు. ఆ ముక్కతోనే వెనక్కి వచ్చాను. సుఫ్రా దగ్గర అందరూ దగ్గరదగ్గరగా జరిగి కూర్చున్నారు. నా చోటు లేదు.