మామిడిపళ్ల గ్రూపులో సైలెన్సర్

మా ఇంటి ముందు తలుపు పార్సిళ్లు తెచ్చేవాళ్ల కోసం, చీమల మందు కొట్టించుకోమని బతిమాలే కుర్రాళ్ల కోసం. మాకు కావలసినవాళ్లెవరూ అటు రారు. గరాజ్ తలుపు పక్కన గోడకి అంకెల మీటలున్న చిన్న పెట్టె ఉంది. అందులో మా అమ్మాయి పుట్టినరోజు నొక్కితే తలుపు ఇల్లంతా వినపడేలా గర్రుమంటూ పైకి లేస్తుంది. సియాటిల్ పక్కన బాతెల్‌లో ఈ ఇల్లు కొన్నప్పటి నుంచీ మనుషులు మా ఇంట్లోకి ఆ చప్పుడుతోనే వస్తున్నారు.

అందరికన్నా ఎక్కువగా వచ్చేది వెనక వీధిలో ఉండే గుంటూరమ్మాయి. హాస్పిటల్లో ఫార్మసిస్టు. వాళ్లాయనతో ఉర్దూ, పిల్లలతో ఇంగ్లీషు, నాతో గుంటూరు తెలుగు మాట్లాడుతుంది. నన్ను అక్కా అంటుంది, మా ఆయన్ని బావగారూ అంటుంది. మా గరాజ్‌లో రెండో ఫ్రిజ్ ఒకటుంది. వినాయక చవితికి అది మాది, రంజాన్‌కి వాళ్లది. మొదటి ఏడాది మొహమాటపడుతూ, "మాంసం పెట్టనులే అక్కా" అంది. "మేమేమన్నా శాకాహారులమా? పెట్టుకో, కూరయ్యాక మాకూ ఓ గిన్నె పంపు" అన్నాను. గడ్డి కోసే మిషన్ కూడా రెండిళ్లకీ ఒకటే. సగం సగం వేసుకుని కొన్నాం, అది మా గరాజ్‌లోనే ఉంటుంది. శనివారం పొద్దున్నే వాళ్లాయన వచ్చి కోడ్ నొక్కి, మిషన్ తోసుకుని వెళ్లిపోయేవాడు. మేం లేచామా లేదా అని కూడా చూసేవాడు కాదు.

పోయినేడు మా వీధి చివర ఎవరిదో కారు అద్దం పగలగొట్టి ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయారు. ఆ వారంలోనే మా ఆయన తుపాకీ కొన్నారు. కారులో ల్యాప్‌టాప్ పెట్టకూడదన్నది నాకు తెలిసిన పరిష్కారం. ఆయనకి తోచింది వేరు. మేడ మీద ఆఫీసు గదిలో దానికో ఇనప పెట్టె కూడా బిగించారు. రెడ్‌మండ్‌లో ఆయన టీమ్‌లో సగం మందిని అప్పటికే ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ భయం దేనిమీదో ఒకదానిమీద పెట్టుకోవాలిగా, దీనిమీద పెట్టుకున్నారు.

ఈ జనవరిలో ఓ ఆదివారం ఇడ్లీ తుంచుకుంటూ, పెట్రోలు ధర తగ్గిందన్నంత సంతోషంగా చెప్పారు.

"సప్రెసర్ మీద ఫెడరల్ ట్యాక్స్ ఎత్తేశారు, తెలుసా?"

"అదేంటి?"

"సినిమాల్లో సైలెన్సర్ అంటారే, అదీ. నిజానికి చప్పుడు పూర్తిగా ఏం పోదు. నాలుగ్గోడల మధ్య తుపాకీ పేలితే చెవులు దెబ్బతింటాయి. ఇది బిగిస్తే కాస్త తగ్గుతుంది. హియరింగ్ ప్రొటెక్షన్."

"ఎవరి హియరింగు?"

"మనది."

"అంటే అవతల మనిషి పడిపోయి ఉంటాడు, మీరు చెవులు తడుముకుని, అమ్మయ్య బానే ఉన్నాయి అనుకుంటారు."

"ప్రతిదానికీ లాయర్‌లా మాట్లాడకు."

చెవుల సంగతి ఆయన చెప్పింది నిజమే. వేటకి వెళ్లేవాళ్లూ, షూటింగ్ రేంజ్‌లో ప్రాక్టీస్ చేసేవాళ్లూ అందుకే వాడతారు. చదివి తెలుసుకున్నాను. చదవకుండా పోట్లాడే అలవాటు నాకు లేదు. నా పోట్లాట ఆ గొట్టంతో కాదు. మన ఇంట్లో, మన హాల్లో, మనిషిని కాల్చే రోజు ఒకటి వస్తుందని ఈయన నమ్మేశారు. ఇప్పుడు ఆ రోజుకి సౌకర్యాలు చూసుకుంటున్నారు. నా భయం అది.

పన్ను పోయింది గానీ వేలిముద్రలూ, ఫొటోలూ, అనుమతీ ఎక్కడికీ పోలేదు. దాన్ని ఇద్దరి పేరు మీదా ఉంచుకునేలా ట్రస్టు ఒకటి పెట్టి నన్నూ అందులో చేరుస్తానన్నారు.

"నువ్వు చేరకపోతే నేను లేనప్పుడు అది నీ చేతికి అందే చోట ఉండకూడదు. లా అట్లా ఉంది. సేఫ్ కోడ్ కూడా నీకు చెప్పకూడదు."

"చెప్పకండి."

"అర్థం చేసుకోవేం?"

"అర్థమైంది. గరాజ్ కోడ్ వీధంతా తెలుసు. సేఫ్ కోడ్ మాత్రం కట్టుకున్నదానికి తెలియకూడదు. బావుంది. నేను మాత్రం సంతకం పెట్టను."

ఆయన ఒక్కరి పేరు మీదే దరఖాస్తు పెట్టుకున్నారు.

ఇంతలో మెయిన్ రోడ్డు మీద మూతపడ్డ ఫర్నిచర్ షాపు మసీదు కాబోతోందని తెలిసింది. టీవీలో ఒక నాయకుడు ముస్లింలని ఈ దేశంలోకి రానివ్వకూడదని బల్ల గుద్ది చెబుతున్నాడు. మా ఆయన తల ఊపుతున్నారు. నేను రిమోట్ అందుకున్నాను.

"ఎందుకు ఊపుతున్నారు తల? ఆయన కంటికి మీరేమన్నా వేరేగా కనిపిస్తారా? ఎయిర్‌పోర్టులో పక్కకి రమ్మన్నప్పుడు మీ గోత్రం అడిగారా?"

"మనం లీగల్‌గా వచ్చాం."

"వెనక వీధివాళ్లు? వాళ్లాయనకీ మీకూ ఒకే ఏడాది హెచ్‌వన్ వచ్చింది. గ్రీన్ కార్డు కోసం ఇద్దరూ ఒకే క్యూలో ఏడ్చారు."

"అబ్బా, వాళ్ల గురించి కాదు నేననేది. వాళ్లు మనవాళ్లు."

"మరెవరి గురించి?"

"మిగతావాళ్ల గురించి."

ఆ మిగతావాళ్లలో ఒక్కరైనా ఆయనకి పరిచయం లేరు. తెలిసిన ముస్లింలందరూ మనవాళ్లే, తెలియనివాళ్లందరూ ప్రమాదమే. ఇంత చదువు చదివిన మనిషి ఇలాంటి లెక్క ఎలా వేస్తాడో నాకు అర్థం కాలేదు. చివరికి గరాజ్ కోడ్ మారుద్దామన్నారు. వీల్లేదన్నాను.

రంజాన్ వచ్చింది. ఆ అమ్మాయి డ్యూటీ ముగించుకుని సాయంత్రం నాలుగింటికల్లా మా ఫ్రిజ్ దగ్గరికి వచ్చేది. ఇఫ్తార్‌కి కావలసినవి తీసుకుని, నాతో రెండు మాటలు మాట్లాడి వెళ్లేది. వారంలో రెండు రోజులు మా ఆయన ఇంటి నుంచే పనిచేస్తారు. చెవులకి హెడ్‌ఫోన్లు, పక్కనే ఇనప పెట్టె. తలుపు గర్రుమనగానే నేను స్టవ్ దగ్గర నుంచి మెట్లవైపు పరిగెత్తి, "మన చెల్లే! మన చెల్లే వచ్చింది!" అని పైకి అరిచేదాన్ని. ఆయన తుపాకీ పట్టుకుని దిగుతారని కాదు. దిగరని ఒట్టేసి చెప్పలేకపోవడం వల్ల. ఆయన మెత్తటి మనిషి. సాలీడుని కూడా గ్లాసులో పట్టి బయట వదులుతారు. కానీ భయపడ్డ మెత్తటి మనిషి ఏం చేస్తాడో నాకెలా తెలుస్తుంది?

"ఏందక్కా, నేనొచ్చినప్పుడల్లా రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటు లాగా ఆ అరుపులు?" అని నవ్వింది ఒకరోజు.

"మీ బావగారికి చెవుడొస్తోందిలే" అన్నాను.

"పాపం. టెస్ట్ చేయించండి" అంది, నిమ్మకాయలు సంచిలో వేసుకుంటూ.

మా మామిడిపళ్ల గ్రూపు సంగతి చెప్పాలి. ఇండియా నుంచి పళ్లు విమానంలో వస్తాయి. ఒక్క పెట్టె తెప్పించుకుంటే గిట్టుబాటు కాదని చుట్టుపక్కల తెలుగువాళ్లందరం కలిసి ఆర్డరిస్తాం. అందుకో వాట్సాప్ గ్రూపు ఉంది. పళ్ల కాలం అయిపోయాక అది ఖాళీగా ఉండదు. వీసా పుకార్లు, అమ్మకానికి పెట్టిన సోఫాలు, రాజకీయాలు, అన్నీ అందులో పడేస్తారు. అందులో ఎవరెవరున్నారో మళ్లీ పళ్లు వచ్చేదాకా ఎవరికీ గుర్తుండదు. ఎయిర్‌పోర్టు కార్గోకి వెళ్లి, మా వైపు ఇళ్ల పెట్టెలన్నీ తన వ్యాన్‌లో వేసుకొచ్చేది మా గుంటూరమ్మాయి భర్తే అన్న సంగతి కూడా అలాగే మరిచిపోతారు.

మా ఆయన ఓ మధ్యాహ్నం ఆ గ్రూపులో ఇలా రాశారు: "ఫర్నిచర్ షాపులో మసీదు కన్ఫర్మ్ అయింది. ఇక మన వీధుల్లోకి ఎవరొస్తారో తెలీదు. గరాజ్ కోడ్‌లు మార్చుకోండి. సప్రెసర్‌కి ట్యాక్స్ లేదు, ఇంట్లో గన్ ఉన్నవాళ్లు ఆలోచించండి. డీటెయిల్స్ కావాలంటే పింగ్ చేయండి."

బొటనవేళ్లు కురిశాయి. ఒకాయన గ్రూప్ డిస్కౌంట్ ఉంటుందా అని అడిగాడు. మామిడిపళ్లకీ ఇదే ప్రశ్న వేస్తాడు. ఇంకెవరో విడిగా ఫోన్ చేసి, "గురూ, మీ వెనక వీధాయన కూడా ఉన్నాడు గ్రూపులో" అన్నారు. మా ఆయన మెట్లు దిగి వచ్చారు, మొహం తెల్లబోయి.

"డిలీట్ చేశాను."

"చూశాడా?"

"డిలీట్ చేసేలోపే అతని పేరు దగ్గర బ్లూ టిక్ పడింది."

"వెళ్లి మాట్లాడండి. ఇప్పుడే."

"ఏమని మాట్లాడను? వాళ్ల గురించి కాదని చెప్పనా?"

"ఆ మాట మాత్రం అనకండి."

ఆయన వెళ్లలేదు. మర్నాడు నాలుగు దాటింది. తలుపు గర్రుమనలేదు. ఆ మర్నాడూ అంతే. ఫ్రిజ్‌లో వాళ్ల పెరుగు గిన్నె, నానబెట్టిన సగ్గుబియ్యం అలాగే ఉన్నాయి. మూడోరోజు ముందు తలుపు బెల్లు మోగింది. చీమల మందు కుర్రాడనుకుని విసుక్కుంటూ తీశాను. తనే. రెండడుగులు వెనక్కి జరిగి, కెమెరాకి మొహం కనపడేట్టు నిలబడింది. చేతులు కోటు జేబుల్లో లేవు. బయట చలికి ఎర్రబడి ఉన్నాయి.

"ఫ్రిజ్‌లోవి తీసుకెళ్దామని" అంది.

"ఇటు నుంచేంటి?"

"కోడ్ మర్చిపోయానక్కా."

మా అమ్మాయి పుట్టినరోజుకి ప్రతి ఏడాదీ కేకు చేసేది తనే.

"అబద్ధం ఆడినా నమ్మేట్టు ఆడవే" అన్నాను.

తను నవ్వలేదు. "నువ్వు మెట్ల దగ్గర ఎందుకరుస్తావో నాకిప్పుడు అర్థమైంది. నీకు ముందే తెలుసు గదా. నాకు నవ్వుతా చెవుడని చెప్పావు."

నేను తలుపు ఇంకాస్త బార్లా తెరిచాను.

"కోపంగా లేదక్కా. నాకు భయంగా ఉంది. మా ఆయనకి పొద్దున్నే మిషన్ కోసం వచ్చే అలవాటు. మసక వెలుతుర్లో, తలకి టోపీ పెట్టుకుని. మీ ఆయన నిద్రలో లేచి చూస్తే మనిషి ఎవరో తెలుస్తుందా? తెలిసేదాకా ఆగుతాడా? ఒట్టేసి చెప్పు, రేపే వస్తాం గరాజ్‌లోంచి."

బావగారు కాదు. మీ ఆయన. నేను ఒట్టు వేయలేకపోయాను. గిన్నెలన్నీ తెచ్చి చేతికిచ్చాను, మా ముందు గదిలోంచి, పరాయివాళ్లకిచ్చినట్టు.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన గొడవంతా ఇక్కడ రాయను. చివరికి ఆయన, "నేను మనిషిని చంపేవాడిలా కనిపిస్తున్నానా నీకు?" అని అడిగారు. "నాకు కాదు, వాళ్లకి కనిపిస్తున్నారు. వాళ్లకెందుకు కనిపిస్తున్నారో మీరే రాసి పెట్టారు" అన్నాను. ఆయన వెళ్లి ఆఫీసు గది తలుపు వేసుకున్నారు.

ఏప్రిల్లో గడ్డి పెరగడం మొదలైంది. శనివారం పొద్దున్నే మెలకువ వచ్చి చెవులు రిక్కించాను. వెనక వీధిలోంచి మిషన్ చప్పుడు వినపడింది. మాది గరాజ్‌లోనే ఉంది. వాకింగ్ వంకన అటు వెళ్లి చూశాను. వాళ్ల డ్రైవ్‌వేలో కొత్త మిషన్ అట్టపెట్టె విప్పి, మడిచి, రీసైకిల్ డబ్బా పక్కన ఆనించి ఉంది.

పళ్లు మాత్రం వచ్చాయి. గ్రూపులో ఆర్డర్లు అడిగినప్పుడు అందరికన్నా ముందు గుంటూరమ్మాయి వాళ్లాయనే రాశాడు: "మాకు రెండు, అన్న వాళ్లింటికి రెండు. బంగినపల్లి." ఎప్పటిలాగే తెచ్చాడు. కానీ వ్యాన్ రోడ్డు మీదే ఆపి, పెట్టెలు ముందు గుమ్మంలో దించి, బెల్లు కొట్టి, డ్రైవ్‌వే చివరిదాకా వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. తలుపు మా ఆయన తీశారు.

"అదేంటి తమ్ముడూ, గరాజ్‌లోంచి రావచ్చుగా."

"పర్లేదన్నా. బెల్లు ఉందిగా."

"లోపలికి రా. టీ తాగి వెళ్దువు."

"ఇంకా రెండిళ్లకి ఇవ్వాలన్నా." చెయ్యి పైకెత్తి ఊపాడు. అరచెయ్యి మొత్తం తెరిచి, కాస్త ఎక్కువసేపే.

మా ఆయన పెట్టెలు ఎత్తుకొచ్చి వంటింట్లో బల్ల మీద పెట్టారు. పెట్టెల్లో మగ్గిన పళ్ల వాసన గదంతా కమ్మింది. ఆయన పెట్టె తాడు కొయ్యలేదు.

"సప్రెసర్ అప్లికేషన్ విత్‌డ్రా చేస్తాను" అన్నారు.

"మరి తుపాకీ?"

ఆయన చెత్త డబ్బా మూత తీసి సంచీ పైకి లాగారు.

"వాళ్లు కొత్త మిషన్ కొన్నారు" అన్నాను. "మీరు చూశారో లేదో."

"చూశాను" అన్నారు. చెత్త సంచీ ముడేసి పట్టుకుని బయటికి వెళ్లారు.

నేను కత్తి తీసి తాడు కోశాను. మొదటి పండు చేతిలోకి తీసుకుని ముచ్చిక దగ్గర నొక్కి చూస్తుంటే గరాజ్ తలుపు గర్రుమంది. ఆయనే, డబ్బాలో చెత్త వేసి ఇటు నుంచి వస్తున్నారు. నాకు తెలుసు. తెలిసి కూడా పండు బల్ల మీద పడేసి గరాజ్‌లోంచి ఇంట్లోకి వచ్చే తలుపు వైపు తిరిగాను. కళ్లు ఆ తలుపు మీద నుంచి కదల్లేదు. కుడిచేతిలో కత్తి ఎంత గట్టిగా బిగించి పట్టుకున్నానో, ఆయన లోపలికొచ్చి నా చేతివంక చూసి గుమ్మంలోనే ఆగిపోయినప్పుడు గానీ నాకు తెలియలేదు.