పసుపు గుడ్డ ఎర్రబడలేదు

నాకు అక్షరాలు రావడానికి యాభై ఏళ్లు పట్టింది. మనవరాలు పలక పట్టిన ఏడే నేనూ పట్టాను. అంతకుముందే ఈ సంగతి ఎవరికైనా చెప్పి రాయించి ఉండొచ్చు. కానీ వాళ్లు నా తప్పును మెత్తగా చేసి రాస్తారేమోనని ఊరుకున్నాను.

నిజాం రాజ్యం మీద పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం. చందానగర్ దగ్గర నూనె శుద్ధి చేసే మిల్లులో నాది మురుగుతొట్టి పని. నూనె కడిగిన కాస్టిక్ సోడా నీళ్లు అందులోకి వచ్చేవి. మేస్త్రి ఆ కారం విరగడానికి వాటిలో తేజాబు, అంటే యాసిడ్, పోసి కలిపించేవాడు. నేను గాలి వీపుకు తగిలేలా నిలబడి, పొడుగు కర్ర చీలికలో లిట్మస్ కాగితాలు ఇరికించి ముంచేదాన్ని. చేయి పెట్టొద్దని మొదటిరోజే చెప్పారు. ఎర్ర కాగితం నీలమైతే కాస్టిక్ ఎక్కువ, నీలిది ఎర్రబడితే తేజాబు ఎక్కువ. రెండూ మారకపోతేనే తూము తీయాలి. ఆ నీళ్లు పోయే కుంటలోనే ఊరి బర్రెలు రోజూ పొద్దున తాగేవి.

ఒకరోజు కాగితాలు అయిపోయాయి. కుంకుమ చేసేటప్పుడు సున్నం తగిలి పసుపు ఎర్రబడుతుంది కదా, కాస్టిక్‌కీ అంతే అనుకుని, పసుపులో ముంచిన పేలిక కర్రకు కట్టాను.

"ఏందమ్మా, తొట్టికి పేరంటం చేస్తున్నవా?" అని మేస్త్రి నవ్వాడు.

పేలిక పచ్చగానే ఉంది. "కాస్టిక్ లేదు, తియ్యుండ్రి" అన్నాను. తీశాడు.

సాయంత్రం పట్నం నుంచి కాగితాలు వచ్చాయి. తొట్టి అడుగున మిగిలిన నీళ్లలో ఊరికే ముంచి చూశాను. నీలి కాగితం తాకీతాకగానే ఎర్రబడింది. తేజాబు ఎంత ఉన్నా పసుపు రంగు మారదని అప్పుడు తెలిసింది.

మేస్త్రికి చూపిస్తే అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవ్వరికి చెప్పకు. ఇద్దరి నౌకరీ పోతది. తెల్లారేసరికి కుంట నీళ్లల్ల కలిసిపోతది."

"కలవకపోతే?"

అతను ఆ కాగితం నలిపి తొట్టిలో పడేశాడు.

ఆ రాత్రంతా పక్క కొట్టంలో మా చిన్నాయన బర్రె అరిచినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను.

మరునాడు పొద్దు పొడిచేసరికి కర్ర, కాగితాలు పట్టుకుని కుంట గట్టుమీద నిలబడ్డాను. ఊరి మందను తోలుకుని చిన్నాయన వచ్చాడు.

"జరుగు బిడ్డా, బర్రెలు దూపతోని ఉన్నయ్, తాగనియ్యి."

"తాగనియ్యకు చిన్నాయనా. తేజాబు నీళ్లు ఇడిసిన్రు."

"ఎవరు?"

"నేనే."

తూము నీళ్లు కుంటలో పడే చోట నీలి కాగితం ముంచి, ఎర్రబడ్డదాన్ని అతనికి చూపించాను. అతను మందను బావివైపు మళ్లించాడు. పొద్దెక్కేదాకా ఆ బర్రెలకు నీళ్లు నేనే చేదాను.