మేజర్ గారికి నేను చెప్పని పేరు

మౌలాలి గుట్ట సగం ఎక్కేసరికి కుడి డొక్కలో దబ్బనంతో పొడిచినట్టయింది. వీపున ఇసుక నింపిన సంచి ఉంది, దాని బరువేమో అనుకున్నాను. నా ముందు ఎక్కుతున్న రత్నం బావ వెనక్కి తిరిగి, "ఏంది దాసూ, ముసలోని లెక్క ఆగినవ్?" అని నవ్వాడు. ఆ నవ్వుకు రోషం వచ్చి పై దాకా ఎక్కాను. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది.

రత్నం మా మేనత్త కొడుకు. వాళ్లది చిల్కానగర్, మాది నాచారం. నాకంటే ఆరు నెలలు పెద్దవాడు. ఇద్దరం ఒకే ఏడాది ఆఫీసర్ కేడెట్లుగా అకాడమీలో చేరాం. ఆ ఏడాది అకాడమీ వాళ్లు పన్నెండు మందిని నేపాల్ కొండల్లోకి అడ్వెంచర్ ట్రైనింగ్‌కు పంపుతున్నారు. ఆరు వారాలు, మంచు మీద నడక, తాళ్లు పట్టుకుని ఎక్కడం. పన్నెండు మందిలో నా పేరుంది. బావ రిజర్వు. మాలో ఎవడైనా మంచాన పడితేనే వాడికి చోటు. సెలవులకు ఇంటికొచ్చి, రోజూ పొద్దున్నే గుట్ట ఎక్కి సాధన చేస్తున్నాం.

నిజానికి దగ్గు అకాడమీలోనే మొదలైంది. అక్కడ ఒంట్లో బాగాలేదని సిక్ రిపోర్ట్ చేసినవాణ్ని పనిదొంగ అంటారు. పైగా జాబితాలోంచి పేరు కొట్టేస్తారని భయం. బుగ్గన లవంగం పెట్టుకుని నెట్టుకొచ్చాను. ప్రాక్టీస్ క్యాంపులో ఇద్దరిద్దరిని జత కడతారు, ఆ జతగాణ్ని బడ్డీ అంటారు. నా బడ్డీ రత్నం బావే. బడ్డీలది ఒకే టెంటు. ఒకే మెస్ టిన్‌లో అన్నం, ఒకే మగ్గులో చాయ్. మూడు వారాలు అలాగే గడిపాం.

జ్వరం నాలుగో రోజున అమ్మ పట్టేసింది. "దిండు పిండితే నీళ్లు కారుతున్నయ్ గదరా! గిదేం చెమట? నడువ్ దవాఖానకు," అంది. నాన్న నన్ను సికింద్రాబాద్‌లోని మిలిటరీ ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

ఎక్స్‌రే తీశారు. రక్తం తీసి ఈఎస్ఆర్ చూశారు. చూసిన డాక్టర్ ఒక మేజర్, కోస్తా ఆయన. "ప్లూరల్ ఎఫ్యూజన్. ఊపిరితిత్తి చుట్టూ నీళ్లు చేరాయి," అన్నారు. కుర్చీలో వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, వీపులో సూది దింపి నీళ్లు తీశారు. సీసా నిండా పలచటి పసుపు నీళ్లు. మూడు రోజులు కఫం తీసి స్పుటం టెస్టు. ఏఎఫ్‌బీ పాజిటివ్, అంటే కఫంలో క్రిములున్నాయని వచ్చింది.

"టీబీ బాబూ. పాత మచ్చే, నెలల నుంచి ఉంది. భయం లేదు, బయటపడతావు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఐఎన్‌హెచ్, పీఏఎస్ మాత్రలు. ఏడాదిన్నర. ఒక్క పూట మానినా ఊరుకోను."

"సార్, నేపాల్?"

"నేపాలా! ముందు ఈ వరండా చివరి దాకా నడిచి చూపించు."

తర్వాత ఆయన కాగితం, పెన్ను తీశారు. "ఇంట్లో అందరికీ ఎక్స్‌రే తీయిస్తాను. అకాడమీలో నీ పక్కన ఎవరు పడుకున్నారు? నీ గ్లాసులో ఎవరు తాగారు? పేర్లు చెప్పు."

రత్నం పేరు నాలుక చివరి దాకా వచ్చింది. పేరు చెప్తే వాణ్నీ ఆపేస్తారు, వాడూ వెళ్లడు. ఆ ఆలోచన రాగానే కడుపులో చల్లగా అయింది. అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో! వెంటనే నా మీద నాకే అసహ్యం పుట్టింది. మేనత్త ఏమనుకుంటుంది? కుళ్లుబోతు, తాను పోలేక నా కొడుకును ఆపిండు అనదా? వాడు మాత్రం అనుకోడా? అందుకని, "ఎవరూ లేరు సార్, క్యాంపులో నాకు వేరే టెంటు," అన్నాను. అది మంచితనం అనుకున్నాను. ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

నా చోటు బావకే ఇచ్చారు. బయల్దేరే ముందు ఆస్పత్రికి నన్ను చూడటానికి వచ్చాడు. నా పేర ఇచ్చిన విండ్‌చీటర్ వాడి ఒంటి మీదుంది. "జర టైట్ ఉన్నది భుజం కాడ," అన్నాడు. తన భుజం నా భుజం కంటే వెడల్పని చెప్పడమే కదా! కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

"నీకు సీసల మంచు పట్టుకొస్త దాసూ."

"ఎందుకు, కరిగిపోతది," అన్నాను గోడ వైపు చూస్తూ.

వాడు చాయ్ తాగుతూ రెండుసార్లు దగ్గాడు. పొడి దగ్గు. నాకు బాగా తెలిసిన దగ్గే. వాడు బుగ్గలో దేన్నో అటునుంచి ఇటు తిప్పుకోవడం కూడా చూశాను. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు.

ఆదివారం అమ్మ చర్చి నుంచి నేరుగా వార్డుకు వచ్చింది. "పాస్టరయ్య రత్నం కోసం అర్ధగంట ప్రార్థన జేసిండు బిడ్డా. నీ కోసం గుడ జేసిండు," అంది.

"నాకెంత సేపు?"

అమ్మ బత్తాయి ఒలిచి నా చేతిలో పెట్టింది. దేవుడి దగ్గర కూడా వాడిదే పైచేయి అయిందని ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇంజెక్షన్లకు చెవుల్లో గుయ్యిమని మోత. పీఏఎస్‌కు వికారం. ఇంతలో నేపాల్ నుంచి కార్డు. 'దాసూ, మబ్బులు మా కాళ్ల కింద ఉన్నయి.' నాలుగు ముక్కలు చేసి పారేశాను. నేనేం తక్కువ అని వార్డు బాత్రూంలో తలుపు గడియ పెట్టుకుని దండీలు తీయడం మొదలుపెట్టాను. పదో రోజుకు ఆయాసం. మళ్లీ నీళ్లు చేరాయి, మళ్లీ వీపులో సూది. మేజర్ గారు, "ఎవరి మీద కోపం తీర్చుకుంటున్నావయ్యా, నీ ఊపిరితిత్తి మీదా?" అని తిట్టారు.

మరో వారానికి మేనత్త ఏడుస్తూ వార్డులోకి వచ్చింది. "మంచుల నెత్తురు కక్కుకుండట రా! కూలోళ్లు వీపు మీద మూడు దినాలు మోసుకొచ్చిన్రట." కొన్నాళ్లకు వాణ్ని మా వార్డుకే తెచ్చారు, నా మంచానికి ఎదురుగా. ఎక్స్‌రేలో రెండు వైపులా మచ్చలు. బరువు మోస్తూ చలిలో ఎక్కడం వల్ల బాగా ముదిరిందన్నారు.

మేజర్ గారి ముందే బావకు నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు. నా పాత కేసుషీట్ తీసి, కాంటాక్ట్స్ అన్న చోట రత్నం పేరు రాసుకున్నారు. బావ దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు. పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు.

నాకు నయమైంది. రెండు బ్యాచ్‌లు వెనకబడినా అకాడమీకి తిరిగి వెళ్లి ఆఫీసర్నయ్యాను. బావకు ఆపరేషన్ చేసి ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేశారు. మెడికల్ బోర్డు ఇంటికి పంపేసింది. ఇప్పుడు ఉప్పల్‌లో ఒక ఫ్యాక్టరీలో టైమ్‌కీపర్. మెట్లెక్కితే మధ్యలో ఆగుతాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నా కుళ్లు ఇంకా పోలేదు. ఆ మంచు చూసింది వాడు, నేను కాదు.

పోయిన సెలవుల్లో వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు అడిగాను. "బావా, ఆ రోజు నీ పేరు చెప్తే ఏమనుకునేవాడివి?"

"ఏమనుకుంటుంటి? నీకు మస్తు కుళ్లనుకుంటుంటి. ఏడాది దాక నీ మొఖం సూడకపోతుంటి," అన్నాడు ముద్ద కలుపుకుంటూ. కాస్త ఊపిరి తీసుకుని, "అనుకుంటే అనుకుంటుంటి గని, ఏమైతుండె దాసూ? నా నౌకరి నాకుంటుండె," అన్నాడు.

టీబీ వచ్చిన వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నీ పక్కన ఎవరు పడుకున్నారు, నీ గ్లాసులో ఎవరు తాగారు అని డాక్టర్ అడిగినప్పుడు అన్ని పేర్లూ ఆ పూటే చెప్పేయండి. వాళ్లు మిమ్మల్ని ఏమైనా అనుకోనివ్వండి.