నాలుక కింద మాత్ర

యాకుత్‌పురాలోని మా క్లినిక్‌లో నర్సుగా ఎందరినో చూశాను. లాడ్ బజార్‌లో లక్కగాజులకు రాళ్లు అతికే అన్నను మాత్రం మరువలేను. నడుం నొప్పికని మొదలుపెట్టిన మత్తు ఇంజెక్షన్లు ఆరేళ్లపాటు ఆయన్ను విడవలేదు. మత్తు ఎక్కకుండా అడ్డుకునే మాత్ర ఇద్దామన్నారు డాక్టరు. అది వేసుకోవాలంటే ముందు వారానికి పైగా సూది ముట్టకూడదు. మూడుసార్లు ప్రయత్నించి, మూడుసార్లూ మధ్యలోనే ఓడిపోయాడు. చివరికి నాలుక కింద కరిగే మరో మాత్ర ఆయన్ను నిలబెట్టింది. అది సూది మానితే వచ్చే వణుకునూ యావనూ అణుస్తుంది. అంత మాటకారి కూడా రోజూ పొద్దున్నే వచ్చి, అది కరిగేదాకా కళ్లు మూసుకుని మౌనంగా కూర్చునేవాడు.

ఒకరోజు, ఇలాగే సూదికి అలవాటుపడ్డ భర్త గురించి అడగడానికి వచ్చిన ఒకావిడ ఆయన్ను చూసి గట్టిగా అంది. "ఒక మత్తు ఇడిపించి ఇంకో మత్తు అంటగడుతున్నరా? గీయనకు సిగ్గనిపిస్తలేదా?"

నాకు కోపం వచ్చింది. ఆయన మాత్రం కాస్త ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. మాత్ర పూర్తిగా కరిగాక నెమ్మదిగా చెప్పాడు.

"అక్కా, ఆరేండ్లు సూది కోసమే లేచిన. ఇప్పుడు పనికి పోనీకి లేస్తున్న. రేపు మీ ఆయన్ను సూది లేకుండ తోల్కరా. వణుకు మొదలైనంకనే గీ గోలీ ఇస్తరు. ఫికర్ చెయ్యకు, నేనుంట."

మర్నాడు ఆమె భర్త చెమటలు కక్కుతూ వచ్చాడు. గాజుల అన్న పనికి పోలేదు. ముక్కూమొహం తెలియని ఆ మనిషి చేతులు పట్టుకుని, "జర ఓర్చుకో తమ్మీ, నాకూ గిట్లనే అయింది" అంటూ, నేనిచ్చిన మాత్ర కరిగి వణుకు తగ్గేదాకా పక్కనే కూర్చున్నాడు. నేను చేస్తున్న పని మరిచి చూస్తూ నిలబడిపోయాను.