ఇరవై మూరల తర్వాత కుడివైపు

మా ఇంటి మగ్గం మీద చెయ్యేసి చెబుతున్నాను. ఇందులో ఒక్క పోగు కూడా నేను కలపలేదు. మగ్గం మీద ఒట్టేసి అబద్ధమాడితే చేతులు పడిపోతాయని మా అవ్వ అనేది. స్టీరింగ్ పట్టి బతికేవాణ్ణి... చేతులతో పందెం కాయను కదా! నవ్వాలనుంటే నవ్వండి. కానీ అంతా విన్నాక నవ్వండి.

నా పేరు యాదగిరి. మాది మోత్కూర్. నేతపని చేసే ఇల్లు. బాపు ఇప్పటికీ నేస్తాడు, నేను నేయను. పదకొండేళ్ళుగా కిరాయి కారు నడుపుతున్నాను. హైదరాబాద్ నుంచి యాదగిరిగుట్టకు వచ్చే భక్తులే నా బేరం. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి... సరే, చెప్పుకుంటున్నాను. పదకొండేళ్ళలో నా బండికి ఒక్క గీత పడలేదు. మా అడ్డా మీద డ్యాష్‌బోర్డులో పెద్ద తెర పెట్టించిన మొదటి బండి కూడా నాదే. ఫోన్ జేబులో ఉంటే చాలు, వైరు అక్కర్లేదు. ఊరి పేరు నోటితో చెబితే మ్యాప్ ఆ తెర మీదికి వస్తుంది. ఒక ఆడగొంతు దారి చెబుతుంది. ఎక్కినవాళ్ళంతా "బాగుందే!" అనేవారు.

బాపు ఒక్కడే అనలేదు.

"గా డబ్బా చెప్తది, నువ్వు తిప్పుతవ్. ఇందుల నీ పనితనం ఏమున్నదిరా?" అన్నాడొకసారి. ఆ మాట నాకు ముల్లులా దిగింది. మగ్గం వదిలినందుకు ఆయనకు నా మీద కోపం లేదు. కోపమున్నా బాగుండేది. అసలు నన్ను లెక్కలోకే తీసుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా తాతలది మోత్కూర్ కాదు, పాలమూరు దిక్కు. మహబూబ్‌నగర్ దాటాక లోపలికి పోతే ఒక చిన్న గుట్ట, దాని మీద నర్సింహస్వామి. ఏటా మాఘమాసంలో తెల్లవారుజామున ఆయన కల్యాణం. ఆయన కట్టుకునే పెళ్ళిపంచె మా ఇంటి నుంచి పోవాలి. ఊరు వదిలినా ఆ హక్కు మావాళ్ళు వదల్లేదు. దానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. మగ్గం నుంచి కోసిన గుడ్డ ఆ రాత్రి మా ఇంట్లో నిద్రపోకూడదు. దారిలో నేలకు తగలకూడదు. తీసుకుపోయేవాళ్ళు ఎంత కష్టమొచ్చినా వెనక్కి మళ్ళకూడదు.

బాపు ఏటా బస్సులు మారుతూ వెళ్ళేవాడు. నేను చెప్పబోయే రాత్రికి ముందటేడు బస్సు ఆలస్యమై, కల్యాణం కాసేపు ఆగాల్సి వచ్చింది. గుట్ట పెద్దలు మొహం మీదే చెప్పేశారు. "మల్లొచ్చే ఏడు పొద్దు పొడవకముందు రాకపోతే దుకాణంల కొన్న పంచె కట్టిస్తం" అని. కొన్న పంచె ఒక్కసారి ఎక్కిందంటే ఇక మాది ఎక్కదు. ఆ ఏడాదంతా బాపుకు అదే దిగులు. దానికి తోడు మోకాలి ఆపరేషన్ అయ్యింది. బస్సెక్కే పరిస్థితి లేదు. నన్ను అడగలేదు. అమ్మతో అన్నాడు, "వాన్ని బండి తీయమను" అని.

రాత్రి పదింటికి బయలుదేరాం. ముందు సీట్లో బాపు, ఒళ్ళో తెల్లగుడ్డలో చుట్టిన పంచె. దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. నేను దర్జాగా గుట్ట పేరు చెప్పాను. తెర మీద నీలిగీత పరుచుకుంది. "రెండు వందల మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగండి" అంది ఆ గొంతు.

బాపు తెరకేసి చూశాడు. "ఓ అమ్మా, నీదేవూరు?"

"క్షమించండి, నాకు అర్థం కాలేదు."

"గింత మాట అర్థం కాదు, తొవ్వ జూపెడ్తదట!" అని కిటికీ వైపు తిరిగాడు.

మహబూబ్‌నగర్ దాటేసరికి రెండు. చలి. రోడ్డు వెడల్పు పనులు జరుగుతున్నాయి, ఎక్కడ చూసినా మట్టికుప్పలే. ఆ కుప్పల వెనక మేం తిరగాల్సిన దారి దాగిపోయింది. ఆవిడ "కుడివైపు తిరగండి" అనేసరికే దాటిపోయాను. వెంటనే, "యూ టర్న్ తీసుకోండి."

అలవాటు కొద్దీ స్టీరింగ్ తిప్పబోయాను. బాపు చెయ్యి వచ్చి నా చెయ్యి మీద పడింది. "వద్దు."

"యూ టర్న్ తీసుకోండి," అంది మళ్ళీ ఆవిడ.

"బాపు, రెండడుగులే..."

"అడుగైనా, ఆమడైనా ఎనుకకు మర్లుడు లేదురా. మా నాయిన మర్లలే, నేను మర్లలే."

ముందుకే పోయాను. కొంచెం దూరంలో ఒక టీ కొట్టు వెలుగు కనబడింది. కాలువ తవ్వే టిప్పర్ డ్రైవర్ల కోసం రాత్రంతా తెరిచి ఉంచుతారట. ఫోన్ పట్టుకుని దిగి, గొంగడి కప్పుకున్న ఆ టీ కొట్టాయనకు మ్యాప్ చూపించాను. "యూటర్న్ కొట్టి పోరాదన్నా, పావుగంట గాదు" అన్నాడు. పెళ్ళిపంచె సంగతి చెప్పాను. ఆయన మొహం మారింది. లోకల్ మనిషి కదా, కట్టుబాటు తెలుసు. "గట్లయితే మర్లొద్దులే. గా వేపచెట్టుకాడ ఎడ్లబండ్ల బాట ఉన్నది. కానీ అన్నా, కాల్వ యాడిదాంక తవ్విన్రో నాకెరుక లేదు. జర పైలం."

గబగబా టీ మింగి, బాపుకు ఒకటి ఇచ్చి, బండి తీశాను. వేపచెట్టు దగ్గర బాటలోకి దిగాను.

ఇక్కణ్ణుంచి నేను నెమ్మదిగా చెబుతాను. తొందరపెట్టకండి.

రెండు పక్కలా జొన్నచేలు. కంకులు బండి అద్దాలకు రాసుకుంటున్నాయి... సర్... సర్... సర్... టైర్ల కింద గులకరాళ్ళు. ఇంకో చప్పుడు లేదు. తెర మీద మా బాణం గుర్తు ఒక్కటే ఉంది. చుట్టూ ఖాళీ. నీలిగీత లేదు, దారి లేదు, ఊరి పేరు లేదు. ఆవిడ కూడా నోరు మూసుకుంది. మామూలుగా దారి తప్పితే ఊపిరాడనివ్వదు. ఆ రాత్రి... మాటే లేదు.

తర్వాత మాట్లాడింది.

"నేరుగా వెళ్ళండి."

అదే గొంతు. కానీ మెల్లగా... పక్కన ఎవరో నిద్రపోతుంటే మాట్లాడినట్టు.

"కొంచెం కుడివైపు."

తిప్పాను. ఎడమ పక్కన మొరం జారిన చప్పుడైంది. బాపు పెదాలు కదులుతున్నాయి, ఏదో జపిస్తున్నాడు.

"ఆగండి."

తెర పెట్టించిన నాటి నుంచీ... రోజూ ఆ గొంతు వింటున్నాను. తిరగండి అంటుంది, వెళ్ళండి అంటుంది. ఆగండి అని ఏనాడూ అనలేదు. కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

బండి ఆగింది. హెడ్‌లైట్ల వెలుగు ముందుకు పోతోంది... కానీ దేని మీదా పడటం లేదు. బాట లేదు. చేను లేదు. నేల కూడా లేదు. టైరు కింది రాయి ఒకటి జారింది. చప్పుడు కోసం చెవులు రిక్కించాను... చాలాసేపటికి, ఎక్కడో అడుగున, బుడుంగ్... అంది.

కాలువ. బాటను అడ్డంగా తెగ్గొట్టి తవ్వేశారు. మా ముందు చక్రాలకూ ఆ గోతికీ నడుమ జానెడు జాగా ఉందో లేదో.

నిజం చెప్పడానికి సిగ్గేం లేదు, కట్టుబాటు సంగతే మర్చిపోయాను. రివర్స్ గేరు వేయబోయాను. బాపు నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన చెయ్యి మంచులా ఉంది.

"ఎనుకకు వద్దు బిడ్డా."

"సస్తం బాపు!"

"జర ఆగు. ఆమె ఇంకేమో జెప్తది."

తెరను బాపు నమ్మడం అదే మొదటిసారి. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఇంజిన్ గురగుర. బాపు ఊపిరి. ఎంతసేపో తెలియదు.

"ఎడమవైపు తిరగండి."

ఎడమవైపు చూశాను. మట్టిగట్టు. దాని పక్కనే, కాలువ అంచున, బండి పట్టేంత సన్నటి జాడ. ఇందాక అది ఉందా? ఉంటే నేనెలా చూడలేదు? స్టీరింగ్ పూర్తిగా విరిచి, అంగుళం అంగుళం కదిలించాను. నా పక్క గోయి, బాపు పక్క గట్టు. పదకొండేళ్ళు నేర్చిందంతా ఆ కాసేపు నా పాదంలోనే ఉంది. క్లచ్ ఒక్కసారి జారితే అంతే.

అప్పుడు ఆ గొంతు అంది. "ఇరవై మూరల తర్వాత కుడివైపు తిరగండి."

మూరలు. మీటర్లు కాదు. మూరలు!

కుడివైపు కాలువ మీద ఇనుప రేకులు పరిచి ఉన్నాయి, టిప్పర్లు దాటడానికి. ధన్... ధన్... అని రేకులు మోగుతుండగా దాటాం. అవతల మట్టిరోడ్డు. దూరంగా గుట్ట మీద లైట్లు. డప్పుల మోత సన్నగా వినబడింది.

"బాపు... మూరలు అన్నదా?"

ఆయన నాకేసి వింతగా చూశాడు. "మరింకేమంటది?"

తూర్పు ఇంకా తెల్లబడలేదు. మేం పైకి చేరేసరికి పూజారి చేతిలో దుకాణం పంచె ఉంది, పసుపు బొట్టు పెట్టబోతున్నారు. తొవ్వ తెగింది, ఇక రారు అనుకున్నారట. బాపు తెల్లగుడ్డ విప్పాడు. దీపాల వెలుగులో జరీ అంచు మెరిసింది. కొన్న పంచెను పక్కన పెట్టేశారు. బాపు గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

అమ్మకు చెబుదామని జేబులో చెయ్యి పెట్టాను. ఫోన్ లేదు.

బండిలో వెతికాను. సీట్ల కింద, అరల్లో, అంతటా. లేదు. తెర నల్లగా ఉంది. దాని మీద ఒకే ముక్క, ఫోన్ కలపమని. ఆ తెరకు సొంతంగా సిమ్ లేదు. ఫోన్ లేకపోతే అది ఒట్టి పలక.

ఒకాయన ఫోన్ అడుక్కుని నా నంబరుకు చేశాను. రెండు రింగులకే ఎత్తారు. "అన్నా, మంచిగ జేరిన్రా? నీ ఫోన్ ఈన్నే మర్చినవ్, బల్ల మీద. ఎనుక నుంచి కేకేసిన, ఇనలే నువ్వు." టీ కొట్టాయన. ఎలాగో అడిగాను, అది ఏమైనా మాట్లాడిందా అని. "ఫోన్ మాట్లాడుడేందన్నా! సప్పుడు లేకుండ ఉన్నది" అన్నాడు.

తర్వాత తెర బిగించిన మెకానిక్‌ను అడిగాను. దారిని కాసేపు గుర్తుపెట్టుకుంటుందేమోలే అన్నాడు. లేని దారిని ఎలా గుర్తుపెట్టుకుంటుందని అడిగితే, టీ తాగుదామా అన్నాడు.

సరే, మళ్ళీ గుట్ట మీదికి వద్దాం. కల్యాణం అయ్యాక పూజారి జనం ముందు గట్టిగా అడుగుతాడు, "స్వామి గుడ్డ ఎవరింటిది?" అని. నేసినవాడు లేచి తన పేరు చెప్పి కండువా కప్పించుకోవాలి. ముప్పై ఏళ్ళుగా బాపు అలాగే కప్పించుకున్నాడు. ఆ రోజు మోకాలు పట్టుకుని లేచి, నన్ను రెక్క పట్టి ముందుకు లాగాడు.

"నేసింది నేను. తెచ్చింది నా కొడుకు. తొవ్వ లేనికాడ తొవ్వ జేసిండు. కండువ వానికి కప్పుండ్రి."

నా కొడుకు... అన్నాడు. అంతమంది ముందు. ఆ క్షణంలో నన్ను మించినవాడు పాలమూరులో లేడనిపించింది.

ఫోన్ టీ కొట్టులో ఉంది బాపు అని చెప్పాల్సింది. మాట నాలుక మీదికి వచ్చింది. బాపు మొహం చూశాను. ఆ వెలుగు ఆయన మొహంలో నా వల్ల ఎప్పుడూ రాలేదు. మాట మింగేసి తల వంచాను. కండువా మెడలో పడింది.

ఇప్పటికీ ఆయనకు చెప్పలేదు. గోతి అంచున బండి నడిపింది నేనే, అందులో అబద్ధం లేదు. దారి చెప్పింది ఎవరో మాత్రం... నాకు తెలియదు.